దూరప్రయాణాలకు నమ్మకమైన ఫోర్‌వీల్ డ్రైవ్ బండిని సిద్ధం చేసుకోవడం

దేవరకొండ, అచ్చంపేట దాటి కొండదారుల్లో రోజుల తరబడి తిరగదలచినవారు, దారిలోని చిన్న ఊరి మెకానిక్ కూడా విప్పి బాగుచేయగల బండినే ఎంచుకోవాలి. అందుకే మెకానికల్ పంపుతో నడిచే డీజిల్ ఇంజిన్, కమాన్ కట్టలు ఉన్న పాత మహీంద్రా జీపును నేను ఇష్టపడతాను.

ముందుగా బండి అడుగు చట్రమైన ఛాసిస్‌ను కడిగి, తుప్పు పట్టిన చోట్లను, వెల్డింగులను సుత్తితో తట్టి పరీక్షించాలి. ఛాసిస్ పాడైన బండిపై పెట్టే ఖర్చంతా వృథా. తర్వాత రేడియేటర్‌ను శుభ్రం చేయించి, నీటి హోసులు, ఫ్యాన్ బెల్టు, బ్రేకు గొట్టాలు కొత్తవి వేయాలి. పాలమూరు మే నెల ఎండలో, 40 డిగ్రీలు దాటిన వేడిలో, బరువుతో శ్రీశైలం ఘాట్ ఎక్కే బండికి మొదటి పరీక్ష ఇంజిన్ చల్లదనమే. గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనుక ఇరుసులకు ఇంజిన్ శక్తిని పంచే పెట్టె), రెండు డిఫరెన్షియళ్ల (ఇరుసుల్లో ఎడమ, కుడి చక్రాలకు శక్తిని పంచే గేర్లు) నూనె తీసి చూడండి. అది పాలరంగులో ఉంటే లోపలికి నీరు చేరినట్లే, కాబట్టి సీళ్లు మార్చాలి.

సామాను కప్పుపై కాక, కింద, ఇరుసుల మధ్య సర్దాలి. ఇసుకలో టైరు గాలిని 20 పీఎస్‌ఐ వరకు తగ్గించి నెమ్మదిగా నడిపి, తారురోడ్డు ఎక్కగానే తిరిగి నింపాలి. ఈ జీపుల్లో ఫోర్‌వీల్‌ను (నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే అమరికను) పొడి తారుపై వేయకూడదు. మలుపుల్లో ముందు, వెనుక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగడంతో ఒత్తిడంతా గేర్లపైనే పడుతుంది.