తక్కువ గ్రేడు ఖనిజం నుంచి రాగి: వేడిలో బతికే సూక్ష్మజీవులతో ఫ్లాస్కు ప్రయోగం

హనుమకొండలోని మా ప్రయోగశాలకు ప్రాజెక్టు కోసం వచ్చే విద్యార్థులను నేను ముందుగా అడిగేది, ఖనిజంలో రాగి ఏ రూపంలో ఉందని. అది చాల్కోపైరైట్ (రాగి, ఇనుము, గంధకం కలిసిన ఖనిజం) అయితే, 30 డిగ్రీల దగ్గర పనిచేసే బ్యాక్టీరియాతో కరగడం మొదలైనా, కొంతకాలానికి రేణువుల మీద పొర కట్టి చర్య మందగిస్తుంది. 65 నుంచి 70 డిగ్రీల వేడిలో రాగి చాలా త్వరగా కరుగుతుంది కనుక అసిడియానస్ బ్రియర్లీ, మెటాలోస్ఫేరా సెడ్యులా వంటి, ఆ వేడిలో బతికే ఆర్కియాను (బ్యాక్టీరియాలా కనిపించినా వేరే తరగతికి చెందిన సూక్ష్మజీవులను) వాడాలి. మన వరంగల్ మే నెల ఎండ కూడా వాటికి చలి కిందే లెక్క.

రాయిని దంచి 75 మైక్రాన్ల జల్లెడ పట్టండి. చిటికెడు పొడి మీద సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం చుక్క వేసినప్పుడు బుసబుస పొంగితే, అందులో సున్నపు రాయి ఉన్నట్లే. అటువంటి పొడికి సూక్ష్మజీవులను చేర్చకముందే, పీహెచ్ 1.6 దగ్గర ఒక రోజంతా నిలిచేదాకా ఆమ్లం పోస్తూ ఉండాలి. ఆమ్లాన్ని నీటిలో పోయాలే తప్ప నీటిని ఆమ్లంలో పోయకూడదు.

లీటరు నీటికి 3 గ్రాముల అమ్మోనియం సల్ఫేట్, అర గ్రాము చొప్పున డైపొటాషియం ఫాస్ఫేట్, మెగ్నీషియం సల్ఫేట్, 0.1 గ్రాము పొటాషియం క్లోరైడ్, 0.2 గ్రాము ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ సరిపోతాయి. 250 మిల్లీలీటర్ల ఫ్లాస్కులో ఈ ద్రావణం 90, కల్చర్ (సూక్ష్మజీవులు పెరిగిన ద్రవం) 10 మిల్లీలీటర్లు పోసి, 2 గ్రాముల పొడి వేసి, 70 డిగ్రీల షేకర్‌లో ఉంచండి. ఈ జీవులకు గట్టి కణకవచం ఉండదు; పొడి ఎక్కువైతే రాపిడికి చితికిపోతాయి. చంపిన కల్చర్‌తో మరో ఫ్లాస్కు తప్పనిసరిగా పెట్టండి. అది లేనిదే, కరిగిన రాగిలో ఆమ్లం, వేడి చేసిన పని ఎంతో, జీవులు చేసిన పని ఎంతో చెప్పలేము.

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త పడవలసింది నీటి విషయంలో. 0.5 శాతం రాగి ఉన్న 2 గ్రాముల ఖనిజంలో ఉండేది 10 మిల్లీగ్రాములే. అందులో 6 కరిగితే 100 మిల్లీలీటర్లలో లీటరుకు 60 మిల్లీగ్రాములు రావాలి. కానీ నీరు ఆవిరై 80కి తగ్గితే అదే 75గా కనిపిస్తుంది. ఒక వేసవిలో మేము ఇలాగే మోసపోయి, నెల రోజుల లెక్కలన్నీ పక్కన పెట్టవలసి వచ్చింది. అందుకే ప్రతిసారీ ఫ్లాస్కును తూచి, తగ్గిన బరువు మేరకు డిస్టిల్డ్ వాటర్ చేర్చి, ఆ తరువాతే నమూనా తీయండి. తీసిన 2 మిల్లీలీటర్లకు బదులు ఆమ్లం కలిపిన ద్రావణం పోసి మళ్లీ తూచండి. నమూనాలతో బయటికి పోయిన రాగిని కూడా లెక్కలో కలపాలి.

ఫ్లాస్కు గోడకు పసుపు పచ్చని పొడి అంటుకుంటే అది జారోసైట్ అనే ఇనుప సల్ఫేట్ లవణం. పీహెచ్ పెరిగిందని గ్రహించి 1.8 దాటకుండా సరిచేయండి.

చివరికి వడకట్టిన ద్రావణంలో శుభ్రమైన ఇనుప మేకు వేస్తే, దాని మీద ఎర్రని రాగి పూత కనిపిస్తుంది. మిగిలిన ఆమ్లపు నీటిని, మడ్డిని సింకులో పారబోయకుండా, సున్నంతో తటస్థం చేసి విడిగా భద్రపరచండి.