రాక్ సంగీతం వినడం నేర్చుకుందాం – 7వ పాఠం: బి-సైడ్ల సంకలనాన్ని విప్పి వినడం

ఒక ఆల్బమ్‌లో పాటల వరుస శ్రోతను ఎలా నడిపిస్తుందో గత పాఠంలో చూశాం. ఈ పాఠంలో ఎవరో పేర్చిపెట్టిన వరుసను విప్పి, ప్రతి పాటనూ అది మొదట వెలువడిన తేదీకి చేర్చి వినడం అభ్యాసం చేస్తాం. ఇందుకు నేను ఎంచుకున్నది మాంచెస్టర్ బృందం ఒయాసిస్ 1998 నవంబరులో విడుదల చేసిన ‘ది మాస్టర్‌ప్లాన్’ అనే సంకలనం. పద్నాలుగు పాటలున్న ఈ సంకలనం బ్రిటన్ ఆల్బమ్ పట్టికలో రెండో స్థానానికి చేరింది. పాటలన్నీ అంతకుముందే సింగిల్స్ (ఒక ప్రధాన పాటతో విడిగా అమ్మే చిన్న రికార్డులు) వెనకవైపున వచ్చినవి కావడం వల్ల ఇది మన అభ్యాసానికి సరిగ్గా సరిపోతుంది.

సింగిల్ రికార్డుకు ముందువైపున కంపెనీ అమ్మదలచిన పాట ఉంటుంది, వెనకవైపున దానికి తోడుగా ఇచ్చే పాట ఉంటుంది; దీన్నే బి-సైడ్ అంటారు. మన సినిమా గ్రామఫోను రికార్డులకు సాధారణంగా రెండు వైపులా ఆ చిత్రంలోని పాటలే ఉండేవి కాబట్టి ఏది ముందు, ఏది వెనక అన్న పట్టింపు తెలుగు శ్రోతకు పెద్దగా అలవాటు లేదు. అందువల్ల ఈ భేదాన్ని మనం ప్రయత్నపూర్వకంగా గుర్తుపెట్టుకోవాలి. సీడీలు వచ్చాక వెనకవైపు అనేదే లేకుండా పోయినా పేరు మాత్రం నిలిచింది. 1990ల బ్రిటన్‌లో ఒయాసిస్ వంటి బృందం ఒక సీడీ సింగిల్ వేసిందంటే, ప్రధానమైన పాటతో పాటు తరచుగా మరో మూడు పాటలు అందులో ఉండేవి. పాటలన్నీ దాదాపు తానే రాసే నోయెల్ గాలాగర్ మీద ఈ ఏర్పాటు ఎంత భారం వేసిందో ఈ సంకలనాన్ని విప్పినప్పుడు తెలుస్తుంది.

మొదటి అభ్యాసానికి కాగితం, కలం చాలు. సంకలనంలోని వరుసను పక్కనపెట్టి, పాటలను అవి వెలువడిన సింగిల్స్ ప్రకారం రాసుకోండి. 1994 అక్టోబరులో వచ్చిన ‘సిగరెట్స్ అండ్ ఆల్కహాల్’ వెనక ‘ఫేడ్ అవే’, ‘లిజన్ అప్’, వేదిక మీద వాయించినదిగా ఇచ్చిన బీటిల్స్ పాట ‘ఐ యామ్ ది వాల్‌రస్’ ఉన్నాయి. అదే ఏడాది డిసెంబరులో ‘వాటెవర్’ వెనక ‘హాఫ్ ది వరల్డ్ అవే’, ‘ఇట్స్ గుడ్ టు బి ఫ్రీ’ వచ్చాయి. 1995 ఏప్రిల్‌లో, ఈ బృందానికి తొలిసారి మొదటి స్థానం తెచ్చిన ‘సమ్ మైట్ సే’ వెనక ‘అక్వియెస్’, ‘టాక్ టునైట్’, ‘హెడ్‌ష్రింకర్’ వచ్చాయి. ఆగస్టులో ‘రోల్ విత్ ఇట్’ వెనక ‘రాకిన్ చెయిర్’, అక్టోబరులో ‘వండర్‌వాల్’ వెనక ‘ది స్వాంప్ సాంగ్’తో పాటు సంకలనానికి పేరునిచ్చిన ‘ది మాస్టర్‌ప్లాన్’ ఉన్నాయి. 1996 ఫిబ్రవరి నాటి ‘డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ నుండి ‘అండర్‌నీత్ ది స్కై’, 1997 నాటి రెండు సింగిల్స్ నుండి ‘స్టే యంగ్’, ‘గోయింగ్ నోవేర్’ తీసుకున్నారు.

ఇప్పుడు మీ కాగితాన్ని చూడండి. పద్నాలుగింటిలో పదకొండు పాటలు 1994 అక్టోబరుకూ 1995 అక్టోబరుకూ నడుమ వచ్చినవే. 1997 నుండి ఎంపికైనవి రెండే. సంకలనాన్ని పేర్చినవారు ‘గోయింగ్ నోవేర్’ను ‘టాక్ టునైట్’ పక్కన, ‘స్టే యంగ్’ను ‘హెడ్‌ష్రింకర్’ పక్కన ఉంచడంతో ఈ అసమానత చెవికి అందకుండా పోయింది. వరుసగా వింటే ఇది నాలుగేళ్ల పంటలా వినిపిస్తుంది గాని, నిజానికి ఇందులో అధికభాగం ఒక్క ఏడాది ఫలితమే. అదే ఏడాదిలో రెండో ఆల్బమ్ కూడా తయారైందని గుర్తుచేసుకుంటే, 1997 నాటికి రచయిత దగ్గర మిగిలిన సరుకు ఎందుకు పలచబడిందో ఊహించడం కష్టం కాదు. ‘ది మాస్టర్‌ప్లాన్’ వంటి పాటను వెనకవైపుకు పంపవద్దని రికార్డు కంపెనీ వారు చెప్పినా నోయెల్ వినలేదన్నది ఈ బృందం గురించి తరచు చెప్పుకునే కథ. నా అభిప్రాయంలో ఆ మొండితనం వల్ల ఆల్బమ్‌లు నష్టపోయినా సింగిల్స్ కొన్న కుర్రకారు మాత్రం బాగా లాభపడ్డారు.

రెండో అభ్యాసం గొంతుకు సంబంధించినది. ఒయాసిస్‌లో ప్రధాన గాయకుడు తమ్ముడు లియామ్. 1994లో వచ్చిన తొలి ఆల్బమ్ బ్రిటన్ సీడీలో అన్న నోయెల్ ప్రధాన గాయకుడిగా ఒక్క పాట కూడా పాడలేదు. మీ కాగితం మీద ‘టాక్ టునైట్’, ‘హాఫ్ ది వరల్డ్ అవే’, ‘గోయింగ్ నోవేర్’, ‘ది మాస్టర్‌ప్లాన్’ పేర్ల పక్కన నోయెల్ అని రాసుకోండి. ‘అక్వియెస్’ దగ్గర మాత్రం ఇద్దరి పేర్లూ రాయాలి, ఎందుకంటే చరణాలు లియామ్‌వి, పల్లవి నోయెల్‌ది. సింగిల్ ముందువైపున నోయెల్ గొంతు తొలిసారి వినిపించింది 1996 ఫిబ్రవరిలో. అప్పటికి దాదాపు రెండేళ్లుగా అతడు వెనకవైపు పాటలు పాడుతూనే ఉన్నాడు. ఎవరూ పట్టికల్లో స్థానం ఆశించని చోట పాడడం వల్ల అతనికి నిదానంగా, గిటార్ ఒక్కటే తోడుగా పాడే స్వేచ్ఛ దొరికింది. ‘హాఫ్ ది వరల్డ్ అవే’ మొదట విని, వెంటనే ‘ది మాస్టర్‌ప్లాన్’ వినండి. మొదటిదానిలో గొంతు వాద్యాల నడుమ ఒదిగి, మాట్లాడుతున్నట్టుగా ఉంటుంది. పది నెలల తర్వాత వచ్చిన రెండో దానిలో వయొలిన్ల బృందం, ఇత్తడి వాద్యాలు వెనక నిలిచినా గొంతు వెనక్కి తగ్గదు. ఈ తేడా మీకు మొదటిసారే వినిపించకపోతే, వాద్యాలను పట్టించుకోకుండా ప్రతి పాదం చివర అతడు అక్షరాన్ని ఎంతసేపు నిలుపుతున్నాడో మాత్రమే గమనించండి.

‘హాఫ్ ది వరల్డ్ అవే’ దగ్గర మరికాస్త ఆగాలి. దీని స్వరసంగతులకు (గిటార్ మీద ఒకేసారి కలిపి మోగించే స్వరాలకు, అంటే కార్డ్‌లకు) ఆధారం ‘దిస్ గైస్ ఇన్ లవ్ విత్ యూ’ అనే పాట అని నోయెల్ స్వయంగా ఒప్పుకున్నాడు. బర్ట్ బాకరాక్ స్వరపరచిన ఆ పాటను 1968లో హెర్బ్ ఆల్పర్ట్ పాడాడు. రెండింటినీ ఒకదాని తర్వాత ఒకటి విని, తొలి చరణంలో స్వరసంగతి మారే చోట వేలితో బల్ల మీద తట్టండి. ఎరువు తెచ్చుకున్నది ఎక్కడివరకు, సొంతమైనది ఎక్కడి నుండి అన్నది వాదన లేకుండానే మీ వేలికి తెలుస్తుంది.

మూడో అభ్యాసం డ్రమ్స్ గురించి. తొలి డ్రమ్మర్ టోనీ మెకారల్ 1995 ఏప్రిల్ చివర బృందం నుండి వెళ్లిపోగా అలన్ వైట్ వచ్చాడు. ‘ఫేడ్ అవే’ మెకారల్ కాలానిది, ‘అండర్‌నీత్ ది స్కై’ వైట్ కాలానిది. మొదటిదానిలో దెబ్బలు తిన్నగా, అలంకారం లేకుండా సాగుతాయి. రెండోదానిలో చరణం నుండి పల్లవికి వెళ్లేటప్పుడు డ్రమ్స్ ఏం చేస్తాయో రెండు వాక్యాల్లో రాయండి. మెకారల్‌ను తక్కువ చేసి మాట్లాడడం ఒక అలవాటుగా మారింది గాని, ‘ఫేడ్ అవే’కు ఆ తిన్ననితనమే బలమని నేను అనుకుంటాను. మీ చెవి మరోలా చెబితే అలాగే రాసుకోండి.

‘ది స్వాంప్ సాంగ్’ను చాలామంది దాటవేస్తారు, ఎందుకంటే అందులో గానం లేదు. అయితే దీని ముక్కలు రెండు, పేరు లేకుండా, 1995 నాటి రెండో ఆల్బమ్‌లో పాటల నడుమ వినిపిస్తాయి. ఆ ముక్కలను ముందుగా ఆల్బమ్‌లో వెతికి పట్టుకుని, ఆ తర్వాతే పూర్తి రూపం వినండి. ‘ఐ యామ్ ది వాల్‌రస్’కు ఈ పాఠంలో ఒక్కసారి వినడం చాలు.

సంకలనంలో చోటు దొరకని పాటలను కూడా పరిశీలించకపోతే విప్పడం పూర్తికాదు. ‘వండర్‌వాల్’ వెనకే ఉన్న ‘రౌండ్ ఆర్ వే’ను, ‘డోంట్ లుక్ బ్యాక్ ఇన్ యాంగర్’ వెనకే ఉన్న ‘స్టెప్ అవుట్’ను ఎందుకు వదిలేశారో ఆలోచించండి. రెండోదానికి ఒక ఆధారం ఇస్తాను: ఆ పాట రచయితల జాబితాలో అమెరికన్ గాయకుడు స్టీవీ వండర్ పేరు కూడా ఉంది.

2025 జులై 4న కార్డిఫ్‌లో సోదరులిద్దరూ మళ్లీ కలిసి వేదిక ఎక్కినప్పుడు ఈ పద్నాలుగింటిలో ఐదు పాటలను పాడారు: ‘అక్వియెస్’, ‘ఫేడ్ అవే’, ‘టాక్ టునైట్’, ‘హాఫ్ ది వరల్డ్ అవే’, ‘ది మాస్టర్‌ప్లాన్’. ఈ ఐదింటినీ మీ కాగితం మీద గుర్తుపెట్టి, వాటి తేదీలు చూడండి. వాటిలో 1995 అక్టోబరు తర్వాతిది ఒక్కటీ లేదు.

వచ్చే పాఠానికి స్వేడ్ బృందం 1997లో విడుదల చేసిన ‘సై-ఫై లల్లబైస్’ తీసుకుంటాం. రెండు డిస్కుల్లో ఇరవై ఏడు పాటలున్న ఆ సంకలనాన్ని స్థూలంగా కాలక్రమంలోనే పేర్చారు కాబట్టి విప్పే శ్రమ ఉండదు. ముందుగా మొదటి డిస్కును మాత్రం ఒకసారి విని, గిటార్ వాయించే చేయి మారినట్టు మీకు ఎక్కడ అనిపించిందో ఆ పాట పేరు రాసి ఉంచుకోండి.