మలేషియాలో ఓకేయూ కార్డు: ముందు డాక్టరు, తర్వాతే ఆఫీసు

ఇంట్లో ఎవరికైనా చూపు పోయినా, పక్షవాతంతో కాలూచెయ్యీ పడిపోయినా మలేషియాలో ముందుగా చేయించాల్సింది ఓకేయూ కార్డు, అంటే దివ్యాంగుల గుర్తింపు కార్డు. ఇచ్చేది సంక్షేమ శాఖ, అందరూ జేకేఎం అంటారు. ఒక్క రింగిట్ కూడా కట్టక్కర్లేదు, ఎవరైనా బ్రోకర్ డబ్బడిగితే దండం పెట్టి వచ్చేయండి.

నేరుగా జేకేఎం ఆఫీసుకి వెళ్తే డాక్టరు ధ్రువీకరణ ఏదీ అని అడుగుతారు, ఆ పూట వృథా. అందుకే ఫారం ముందే తీసుకుని, పేరూ మైకాడ్ (మలేషియా గుర్తింపు కార్డు) నంబరూ నింపి, డాక్టరు భాగం ఖాళీగా ఉంచి ఆస్పత్రికి వెళ్ళండి. ఇప్పటికే వైద్యం చేస్తున్న డాక్టరయితే పాత రికార్డులన్నీ అక్కడే ఉంటాయి కాబట్టి పని తొందరగా అవుతుంది. సంతకం, ముద్ర పడ్డాక మైకాడ్ నకలు, పాస్‌పోర్ట్ సైజు ఫొటో జతచేసి మీ జిల్లా జేకేఎం ఆఫీసులో ఇవ్వండి.

కార్డుకి ఏడు విభాగాలున్నాయి: వినికిడి, చూపు, మాట, శారీరకం, నేర్చుకోవడంలో ఇబ్బంది, మానసికం, ఒకటికి మించినవి. మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేది నేర్చుకోవడంలో ఇబ్బందినే. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, డిస్లెక్సియా అన్నీ ఇందులోకే వస్తాయి, కానీ "పెద్దయితే వాడే సర్దుకుంటాడులే, కార్డు చేయిస్తే నలుగురికీ తెలిసిపోతుంది" అని తల్లిదండ్రులు ఏళ్ళకేళ్ళు గడిపేస్తారు. నలుగురి సంగతి తర్వాత, పిల్లాడి చదువు సంగతి ముందు చూడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, కార్డు రాగానే నెలనెలా డబ్బు పడదు. ప్రభుత్వాస్పత్రిలో ఫీజు మినహాయింపు, కేటీఎం రైల్లో సగం టికెట్ లాంటివి కార్డు చూపిస్తే వస్తాయి. నెలవారీ సాయానికి మాత్రం జేకేఎంకి మళ్ళీ వేరే దరఖాస్తు పెట్టాలి, అక్కడ ఇంటి ఆదాయం చూస్తారు, జీతం కాగితాలూ బ్యాంకు పుస్తకం నకలూ సిద్ధంగా ఉంచుకోండి.

ఈ కార్డు మలేషియా పౌరులకే. ఆంధ్ర, తెలంగాణల నుంచి వర్క్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళకి ఇది రాదు, కానీ పనిలో దెబ్బ తగిలితే పెర్కెసో, అంటే కార్మికుల సామాజిక భద్రతా సంస్థ, ఉంది, 2019 జనవరి నుంచి విదేశీ కార్మికులకీ వర్తిస్తుంది, యజమాని మీ పేరు నమోదు చేశాడో లేదో ఇవాళే అడగండి.

ఎక్కడికెళ్ళాలో తెలియకపోతే 15999కి ఫోన్ చేయండి. తాలియన్ కాసిహ్ అంటారు, రాత్రీ పగలూ ఎత్తుతారు.