మూడు అరకొర లోడ్లు, ఒక్క లారీ

లోడు కలపాలనుకోగానే చాలామంది లారీలో జాగా ఎంత మిగిలిందా అని చూస్తారు. డిస్పాచ్ బల్ల దగ్గర ఇన్నేళ్లు కూర్చున్నాక నేను ముందు చూసేది తేదీలు. ఒకే దారిలో సోమవారం ఒక ఆర్డరు, మంగళవారం ఒకటి, బుధవారం ఇంకోటి ఉంటే మూడు లారీలు అరకొరగానే కదులుతాయి. అందుకే సరుకు దించుకునేవాళ్లకి ఫోన్ చేసి అడగండి: "బుధవారమే కావాలా, శుక్రవారం లోపు చేరితే సరిపోతుందా?" 'అర్జంట్' అని రాసినవాళ్లలో చాలామంది అలవాటుకొద్దీ రాసినవాళ్లే.

లెక్క వేసి చూడండి. 10 టన్నుల లారీలు మూడు. వాటిలో 4, 3, 2 టన్నుల సరుకు. దూరం 300 కిలోమీటర్లు, లీటరుకి 4 కిలోమీటర్లు అనుకుంటే మూడూ కలిపి 225 లీటర్లు తాగుతాయి. 9 టన్నులూ ఒకే బండికెక్కిస్తే మైలేజీ 3.5కి పడిపోయినా, చుట్టూ తిరిగి 330 కిలోమీటర్లయినా, 95 లీటర్లలోపే. 130 లీటర్లు మిగిలినట్టు. లీటరు డీజిల్ కాలితే సుమారు 2.6 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే 340 కిలోల దాకా తగ్గింది.

ప్రతి ఆర్డరుకీ బరువుతోపాటు ఘనపరిమాణం కూడా రాయించుకోండి. ఇనుప సామాను బరువు పరిమితి అందుకునేసరికి లారీలో సగానికి పైగా గాలే. ఫోమ్ పరుపులు పైకప్పు దాకా నిండినా తూకం లేవదు. ఈ రెండిటికీ జోడీ కుదిర్చి, బరువైనది కింద వేయండి. వాసన మాత్రం మర్చిపోకండి. ఒకసారి సబ్బుల పెట్టెల పక్కన టీపొడి సర్దించాను. దిగేసరికి అది సబ్బుపొడి అయిపోయింది. మొత్తం వెనక్కి వచ్చింది.

ఆఖర్న దిగేది ముందు ఎక్కాలి. ఇది అందరికీ తెలుసు. మొదటి చోట వెనక సరుకు దిగిపోయాక మిగిలిన బరువు ఏ ఇరుసు మీద పడుతుందో మాత్రం ఎవరూ చూడరు. ఎక్కించేముందే కాగితం మీద గీసి చూసుకోండి. నేనైతే ఒక బండికి మూడు దించుళ్లు దాటనివ్వను; నాలుగో చోట గేటు దగ్గర ఎదురుచూపులతోనే ఆ రోజు గడిచిపోతుంది.

కిరాయి పంచడం దగ్గరే గొడవలొస్తాయి. బరువులో ఒక్కొక్కరి వాటా, జాగాలో ఒక్కొక్కరి వాటా లెక్కకట్టి, ఎవరికి ఏది ఎక్కువైతే దాని ప్రకారం, దూరాన్ని కూడా కలిపి పంచుతాను. ఈ పద్ధతి లోడు ఎక్కకముందే అందరిచేతా ఒప్పించి రాయించుకోండి. ఇక బిల్లులు దించే వరసలో పిన్ను కొట్టి, పైన సరుకు దించుకునే ముగ్గురి ఫోన్ నంబర్లూ పెద్ద అక్షరాల్లో రాసి డ్రైవర్ చేతికివ్వండి.