మొక్క పొడుగ్గా సాగిపోతుంటే ముందు లైటు ఎత్తు చూడండి

ఇంట్లో ఎండ తగలని మూలలోనో, అల్మరా అరలోనో పుదీనా, తులసి పెంచేవాళ్ళు ముందు చూసుకోవాల్సింది ఎరువు కాదు, వెలుతురు. కాడలు సన్నగా సాగి, ఆకుకీ ఆకుకీ మధ్య దూరం పెరుగుతోందంటే మొక్క వెలుతురు కోసం వెతుక్కుంటోందని అర్థం. అప్పుడు ఎరువు వేస్తే ఆ బలహీనమైన కాడే ఇంకా సాగుతుంది.

మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబ్‌లైటు చాలు, మొక్కల కోసమని అమ్మే ఊదారంగు లైట్లే కావాలని లేదు. చాలామంది దాన్ని పైకప్పుకి బిగిస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. దూరం పెరిగేకొద్దీ ఆకు మీద పడే వెలుతురు బాగా తగ్గిపోతుంది. మొక్క కొనకి 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎత్తులో వేలాడదీయండి. మొక్క పెరిగేకొద్దీ లైటునీ పైకి జరపాలి కాబట్టి గొలుసుతో కట్టుకుంటే సుఖం. రోజుకి 14 గంటలు వెలగనిచ్చి, రాత్రి చీకటి ఉంచండి. టైమర్ పెట్టేస్తే మర్చిపోతామన్న టెన్షన్ ఉండదు.

నీళ్ళు మాత్రం మట్టిలో వేలు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోయండి. గదిలో మట్టి ఆరుబయటకన్నా నెమ్మదిగా ఆరుతుంది. నా మొదటి పుదీనా చచ్చిపోయింది వెలుతురు చాలక కాదు, వేరు కుళ్ళి.