చిన్న చెరువులో వాటర్ స్కీ స్లాలమ్ కోర్సు అమర్చడం ఎలా?

మా అనంతపురం జిల్లాలో చెరువు నిండితే వార్త, ఎండితే మామూలు. వాటర్ స్కీ స్లాలమ్ కోర్సు అమర్చుకోవాలనుకునేవారికి మాత్రం ఆ ఎండటమే కలిసొచ్చే అంశం. ఏడాది పొడవునా నీళ్లుండే చోట ఈ పని పెట్టుకున్నవారు బోటు మీద నుంచి తాళ్లు లాగుతూ, మునిగి తేలుతూ కొలతలు సరిచేసుకోవాలి. మనం మే నెలలో చెప్పులతో చెరువులోకి నడిచి వెళ్లి, ముగ్గుపిండితో గీతలు గీసి, లంగర్లు పాతుకుని, వానల కోసం ఎదురుచూస్తే సరిపోతుంది. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతి అంతా ఆ ఎండాకాలపు పని మీదే ఆధారపడి ఉంది.

ముందుగా కొలతలు తెలుసుకోవాలి. బోటు నడిమి గీత మీద తిన్నగా పోతుంది, దాని వెనుక తాడు పట్టుకున్న స్కీయర్ ఆ గీతకు అటూ ఇటూ నీటి మీద తేలే ఆరు మలుపు బంతులను ఒకదాని తర్వాత ఒకటి బయటి వైపు నుంచి చుట్టి వస్తాడు. ప్రవేశ ద్వారం నుంచి నిష్క్రమణ ద్వారం వరకు కోర్సు పొడవు 259 మీటర్లు. ద్వారం నుంచి మొదటి బంతి ఉండే స్థానానికి నడిమి గీత వెంబడి 27 మీటర్లు, అక్కడి నుంచి ప్రతి బంతికీ 41 మీటర్లు, చివరి బంతి నుంచి నిష్క్రమణ ద్వారానికి మళ్లీ 27 మీటర్లు. మలుపు బంతి నడిమి గీతకు 11.5 మీటర్ల దూరంలో ఉంటుంది. ద్వారం అంటే రెండు బంతుల జత, ఒక్కోదాని వెడల్పు 2.5 మీటర్లు. ప్రతి మలుపు బంతికి ఎదురుగా బోటు దారి చూపే జత బంతుల మధ్య 2.3 మీటర్లు ఉండాలి. వీటన్నిటికీ కలిపి 22 బంతులు కావాలి. ద్వారానికి 55 మీటర్ల ముందు బోటును గీత మీదికి తెచ్చే జతను రెండు కొనలలోనూ పెడితే 26 అవుతాయి. బోటు వెళ్లే దిశలో చూస్తే 1, 3, 5 బంతులు కుడివైపున, 2, 4, 6 ఎడమవైపున ఉంటాయి. అవతలి కొన నుంచి తిరిగి వచ్చేటప్పుడు ఆరో బంతి మొదటిదవుతుంది, అప్పుడూ అది కుడివైపునే ఉంటుంది. కాబట్టి ఒకే కోర్సు రెండు దిశలకూ పనికొస్తుంది.

259 మీటర్లేగా, మా ఊరి చెరువు అంతకు రెట్టింపు ఉందని తొందరపడకూడదు. కోర్సు కన్నా దానికి ముందూ వెనుకా ఉండే నీరే ఎక్కువ స్థలం అడుగుతుంది. 600 మీటర్లకు పైగా తిన్నటి నీరుంటే చింత లేదు. అంతకు తగ్గితే లెక్క వేసుకోవాలి. 560 మీటర్లు ఉందనుకుందాం. కోర్సు పోగా ఒక్కో కొనకు 150 మీటర్లు మిగులుతాయి. బోటు నిలిచిన చోటు నుంచి గంటకు 50 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 9 సెకన్లు పడితే సుమారు 62 మీటర్లు ఖర్చవుతాయి, ముందు జత నుంచి ద్వారం దాకా మరో 55 పోతాయి, మిగిలిన 33లో 18.25 మీటర్లు బోటు వెనుక తాడుకే సరిపోతాయి. నేర్చుకునేవారికి ఇది ఇరుకైనా చాలుతుంది. అదే పురుషుల పోటీల గరిష్ఠ వేగమైన 58 కిలోమీటర్లకు 10 సెకన్లు పడితే 80 మీటర్లు పోతాయి, మిగిలే 15 మీటర్లు తాడుకు కూడా చాలవు. అలాంటి చెరువులో బోటును ఒక మూల నుంచి బయలుదేరదీసి, వంపు తిరుగుతూ వేగం పెంచి, ముందు జత దగ్గరికి వచ్చేసరికి గీత మీదికి చేర్చవచ్చు. ముందు జత దాటిన తర్వాత మాత్రం వంపు పనికిరాదు.

స్థలం ఇంకా తక్కువైతే 41 మీటర్ల దూరాన్ని 35కు కుదించాలని చాలామందికి తోస్తుంది. నా దృష్టిలో అది తప్పు, ఎందుకంటే అలా నేర్చుకున్న లయ మరే కోర్సులోనూ పనికిరాదు. దూరాలు అలాగే ఉంచి రెండు బంతులు తగ్గించడం మేలు. నాలుగు బంతుల కోర్సు 177 మీటర్లలో ఇమిడిపోతుంది. సంఖ్య సరి సంఖ్యగానే ఉండాలి, లేకపోతే తిరుగు ప్రయాణంలో మొదటి బంతి ఎడమవైపుకు వస్తుంది.

మన చెరువులు కట్ట దగ్గర లోతుగా, ఎగువకు పోయేకొద్దీ పలుచగా ఉంటాయి. కనుక లోతు సమానంగా దొరికే గీత సాధారణంగా కట్టకు సమాంతరంగానే ఉంటుంది. అలాగని కట్టను ఆనుకుని వేయకూడదు. కట్ట లోపలి వైపు పేర్చిన రాళ్లకు బోటు అల కొట్టుకుని వెనక్కి తిరిగి, స్కీయర్ కాళ్ల కిందికే వస్తుంది. ఎగువ వైపు వాలుగా ఉన్న మట్టి ఒడ్డు ఆ అలను మింగేస్తుంది. నడిమి గీతను రాతి కట్టకు కనీసం 40 మీటర్ల దూరంలో, తూముకు ఇంకా దూరంగా ఉంచుకోవాలి. మలుపు బంతికీ ఒడ్డుకూ మధ్య ఏ వైపైనా 15 మీటర్లకు తగ్గకూడదు, ఎందుకంటే అదుపు తప్పిన స్కీయర్ జారుతూ పోయేది ఆ దిక్కుకే. కట్ట ఉత్తర దక్షిణాలుగా ఉన్న చెరువు దొరికితే పొద్దుటి ఎండ డ్రైవర్ కళ్లలో పడదు.

లోతు విషయంలో కడప జిల్లా పోరుమామిళ్ల శాసనం గుర్తుకొస్తుంది. మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఆ శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 అంగాలతోపాటు ఆరు దోషాలను కూడా చెబుతుంది. వాటిలో ఒకటి చెరువు నడుమ తాబేలు వీపులా లేచిన మిట్ట, అంటే కూర్మం. సేద్యానికి దోషమైన ఆ మిట్ట స్కీయింగ్‌కు ఇంకా పెద్ద దోషం. ఎండిన చెరువులో కళ్లకు అంతా చదునుగానే కనిపిస్తుంది కాబట్టి, తాపీమేస్త్రీలు వాడే నీళ్ల పైపుతోనో, సర్వేయర్లు ఎత్తు చూసే డంపీ లెవెల్‌తోనో గీత పొడవునా ప్రతి 10 మీటర్లకూ ఎత్తు చూసుకోవాలి. అన్నిటికన్నా మిట్టగా ఉన్న చోట కూడా 2 మీటర్ల నీరు నిలిచినప్పుడే ఆట మొదలుపెట్టాలి. కంపచెట్లను నరికి వదిలేయకుండా మొద్దులతో సహా పెకలించాలి.

జలవనరుల శాఖ, పంచాయతీల అనుమతి, చేపల హక్కు ఉన్న మత్స్యకార సంఘంతో ఒప్పందం, ఆయకట్టు రైతుల సమ్మతి ముందే తీసుకోవాలి. తాగునీటి చెరువుల జోలికి వెళ్లకూడదు. పూడికమట్టి తోలుకునే ట్రాక్టర్లు ఆ ఏడాది పని ముగించిన తర్వాతే కొలతలు మొదలుపెట్టాలి.

కొలతకు 50 మీటర్ల స్టీలు టేపు కావాలి, గుడ్డ టేపు పనికిరాదు. రెండు కొనలలో గడ్డపారలు పాతి సన్నటి తీగ లాగి, ప్రవేశ ద్వారాన్ని సున్నాగా తీసుకుని 27, 68, 109, 150, 191, 232, 259 మీటర్ల దగ్గర మేకులు కొట్టాలి. బయటి జతల కోసం సున్నాకు 55 మీటర్ల వెనుక ఒకటి, 314 దగ్గర ఒకటి కొట్టాలి. ఆరు మలుపు స్థానాలలో 6, 8, 10 మీటర్ల పురికొస త్రిభుజంతో మూలమట్టం తీసి, 11.5 మీటర్లు బయటికి కొలవాలి. ఇక్కడితో ఆగితే మూలమట్టంలోని చిన్న తప్పు బంతి దగ్గర పెద్దదవుతుంది. అందుకే ఐమూలగా సరిచూడాలి: ద్వారం నడిమి నుంచి మొదటి బంతికి 29.35 మీటర్లు, ఒక మలుపు బంతి నుంచి తర్వాతి మలుపు బంతికి 47.01 మీటర్లు రావాలి. ఈ రెండూ కుదిరేదాకా మేకులు కదిలిస్తూనే ఉండాలి. ఎండలో టేపు సాగుతుందని కొందరు బెంగపడతారు కానీ, 41 మీటర్లకు 20 డిగ్రీల వేడి తెచ్చే తేడా ఒక సెంటీమీటరు లోపే. దూరాలూ కోణాలూ కొలిచే టోటల్ స్టేషన్ యంత్రం ఉన్న సర్వేయర్ దొరికితే ఇదంతా ఒక పూట పని.

లంగరుకు మన దగ్గర కడప బండను మించినది లేదు. రెండడుగుల చదరం, రెండంగుళాల మందం ఉన్న ముక్క దాదాపు 50 కిలోలు తూగుతుంది. నడుమ రంధ్రం వేయించి, తుప్పు పట్టని స్టీలు కొక్కెం బిగించి, రెండడుగుల గోతిలో పరిచి మట్టి కప్పి తొక్కాలి. 25 సెంటీమీటర్ల బంతి పూర్తిగా మునిగినా పైకి లాగే బలం 8 కిలోల చిల్లరే కనుక లంగరు కదలదు. బండ నేల మీద పైకి తేలి ఉంటే మాత్రం చేపల వలలు చిక్కుకుని గొడవ వస్తుంది.

అసలు చిక్కు తాడు దగ్గర ఉంది. మొదటి ఏడాది మేము లంగరు నుంచి బంతికి నేరుగా నైలాన్ తాడు కట్టాం. అది నీళ్లలో నాని సాగింది, పైగా ఆయకట్టుకు నీళ్లు వదిలేకొద్దీ మట్టం తగ్గి తాళ్లు వదులయ్యాయి. 3.5 మీటర్ల నీటిలో 4 మీటర్ల తాడు ఉంటే బంతి ఎటైనా 1.9 మీటర్లు కొట్టుకుపోగలదు. అర మీటరు వదులుకు అంత దూరమా అని నమ్మకుండా కాగితం మీద లెక్క వేసి చూసి, ఆ సాయంత్రమే బంతులన్నీ విప్పేశాం. దీనికి మందు రెండంచెల కట్టు. లంగరు నుంచి సాగని పాలిస్టర్ తాడు నేలకు మీటరు ఎత్తు దాకా తెచ్చి, అక్కడ నీటిలోపలే ఉండిపోయే గట్టి బంతి ఒకటి కట్టాలి. అది తాడును ఎప్పుడూ నిటారుగా బిగించి ఉంచుతుంది. 2 మీటర్ల మట్టంలో కూడా అది పైనుంచి మీటరు లోతున ఉంటుంది కనుక బోటు పంకాకు తగలదు. దాని నుంచి పై బంతికి వెళ్లే తాడులో ఒకటిన్నర అడుగు మేర లారీ ట్యూబు రబ్బరు ముక్క పెట్టి, తాడుకు 25 సెంటీమీటర్లకొక ముడి కన్ను వేసుకోవాలి. చిన్న హెచ్చుతగ్గులను రబ్బరు సర్దుకుంటుంది. పెద్దవాటికి వారానికొకసారి పుట్టి వేసుకుని వెళ్లి కన్ను మార్చాలి. జత బంతులతో కలిపి 26 ముడులు మార్చడానికి ఇద్దరికి గంటన్నర పడుతుంది. ఈ పని బద్ధకించిన వారం కోర్సు ఉండదు, ఉత్త బంతులే ఉంటాయి.

చెరువులో నీళ్లు చేరకముందే తూము రాతి స్తంభం మీద, గీతలోని మిట్టకు సరిగ్గా 2 మీటర్ల ఎత్తులో ఎర్ర రంగుతో గీత కొట్టాలి. చెరువు నీళ్లు వదిలే నీరుగంటికి కూడా అది చూపించి ఉంచితే నీళ్లు ఆ గీతకు ఎప్పుడు దిగుతాయో ఆయనే ముందుగా చెబుతాడు. ప్రతి లంగరు స్థానానికీ కట్ట మీది రెండు గుర్తు రాళ్ల నుంచి దూరాలు కొలిచి పుస్తకంలో రాసుకోవాలి, ఎందుకంటే మరవ (అలుగు) పారేంత వాన వస్తే కొత్త ఒండ్రు కింద కొక్కేలు కనిపించవు.

నీళ్లు వచ్చాక మలుపు బంతులకు, ద్వారాలకు ఎర్రవి, బోటు దారికి పసుపువి కట్టాలి. అన్నీ మెత్తటివే కావాలి, గాజు సీసాలు, గట్టి డ్రమ్ములు ఎప్పుడూ కట్టకూడదు. మొదట బోటును ఖాళీగా నడిపి సెకన్లు లెక్కపెట్టాలి: 58 కిలోమీటర్ల వేగంలో ద్వారం నుంచి ద్వారానికి 16.08 సెకన్లు, 55లో 16.95 సెకన్లు పట్టాలి. స్కీయర్‌కు లైఫ్ జాకెట్, బోటులో వెనక్కి చూసే మరో మనిషి తప్పనిసరి. కొనకు చేరగానే డ్రైవర్ వేగం తగ్గించి, స్కీయర్ నీటిలో దిగాక నిదానంగా ఉన్నచోటే తిరగాలి. హుషారుగా పెద్ద చుట్టు తిరిగితే చిన్న చెరువులో ఆ అలలు కోర్సు మీదికే పాకి వస్తాయి. అలలు సద్దుమణిగేదాకా ఆగి, వచ్చిన గీత మీదే తిరుగు ప్రయాణం కట్టాలి. నైరుతి గాలులు వీచే నెలలలో తెల్లవారుజామునే ముగించుకోవాలి. ఈశాన్య వానల తర్వాత, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, గాలి తగ్గి నీరు నిండుగా ఉన్న రోజులే మనకు అసలు కాలం.

నీళ్లు ఎర్ర గీతకు దిగిన రోజున పై బంతులు విప్పి, ఒక్కోదానికి స్థానం సంఖ్య రాసిన రేకు ముక్క కట్టి గోతంలో వేసి నీడన పెట్టాలి. నీటిలోపలి బంతులు చెరువు ఎండాక నేల మీద పడి ఉంటాయి కనుక ట్రాక్టర్లు రాకముందే వాటినీ తాళ్లతో సహా కోసుకుని, కొక్కెం దగ్గర జానెడు తాడు మాత్రం వదిలిపెట్టాలి.