టీ చిక్కగా రావాలంటే పొడి పెంచండి, మరిగే సేపు కాదు

టీ చేదెక్కితే చాలామంది పొడి ఎక్కువ పడిందనుకుంటారు. చాలాసార్లు ఎక్కువైంది పొడి కాదు, పొయ్యి మీద ఉన్న సేపు. నీళ్లలో పడిన పొడి ముందు రంగు, వాసన వదులుతుంది. ఆ వెనకే వగరు దిగుతుంది. ఇంకా మరగనిస్తే వాసనంతా ఆవిరితో పోయి, గిన్నెలో చేదు మిగులుతుంది. కొంచెం వగరు ఉంటేనే టీకి పట్టు. చేదు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. అందుకే చిక్కటి టీ కావాలనుకున్నప్పుడు అరచెంచా పొడి ఎక్కువ వేసి తక్కువ సేపు ఉంచాలి. ఉన్న పొడినే పది నిమిషాలు కుతకుతలాడిస్తే రంగు వస్తుంది, రుచి రాదు.

మన ఇళ్లలో వాడే చిన్న గుళికల పొడిని సీటీసీ అంటారు. పళ్లున్న రోలర్ల మధ్య ఆకును నలిపి, చించి, చుట్టే పద్ధతి ఇది. 1930లో అస్సాంలోని అమ్‌గూరి తోటలో విలియం మెక్‌కెర్చర్ మొదలుపెట్టాడు. ఆకు నుజ్జునుజ్జవుతుంది కాబట్టి సారం రెండు మూడు నిమిషాల్లోనే దిగిపోతుంది. డస్టు రకం ఇంకా సన్నం, ఇంకా త్వరగా దిగుతుంది. హోటళ్లవాళ్లు దాన్నే వాడతారు. ఆకు ఆకులాగే కనిపించేది ఆర్థడాక్స్ రకం. డార్జిలింగ్ టీ, మంచి నీలగిరి టీ ఇందులోకి వస్తాయి. సీటీసీని పాలతో తాగాలి, ఆర్థడాక్స్‌ను పాలు లేకుండా తాగాలి. ఖరీదైన డార్జిలింగ్ ఆకును పాలలో మరిగిస్తే డబ్బు దండగే.

పాల టీ

రెండు కప్పులకు, కప్పు 150 మి.లీ. అనుకుంటే, 200 మి.లీ. నీళ్లు, 150 మి.లీ. పాలు తీసుకోండి. 50 మి.లీ. దాకా ఆవిరైపోతాయి. పొడి తలకొట్టి రెండు టీ చెంచాలు, అంటే ఐదు గ్రాముల చిల్లర. పంచదార మీ ఇష్టం.

ముందు నీళ్లు మరగాలి. అల్లం టీ అయితే అంగుళం ముక్కను కచ్చాపచ్చాగా దంచి ఈ నీళ్లలోనే వేసి మూడు నాలుగు నిమిషాలు మరిగించండి. అల్లం రుచి దిగడం ఒక్కటే కాదు, దీనికి ఇంకో కారణం ఉంది. పచ్చి అల్లంలో పాల ప్రొటీన్‌ను విరిచే జింజిబెయిన్ అనే ఎంజైమ్ ఉంటుంది. నీళ్లలో బాగా మరిగితే దాని పని అయిపోతుంది. దంచిన అల్లాన్ని నేరుగా పాలలో వేస్తే, అందులోనూ పొద్దుటి పాలైతే, విరిగే ప్రమాదం ఉంది.

అల్లం మరిగాక మంట తగ్గించి పొడి వేయండి. సన్న సెగ మీద రెండు నిమిషాలు చాలు. తర్వాత కాచిన వేడి పాలు పోయండి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు పోస్తే గిన్నె చల్లబడి, మళ్లీ పొంగు రావడానికి పట్టే సేపంతా పొడి నానుతూనే ఉంటుంది. ఒక పొంగు రానిచ్చి, మంట తగ్గించి, ఒకటిన్నర నిమిషం ఉంచి కట్టేయండి. యాలకులు ఇప్పుడే, దంచి వేసి మూతపెట్టాలి. యాలకుల వాసన అల్లంలాగా నిలవదు, మరిగితే వంటిల్లంతా ఘుమఘుమలాడుతుంది, కప్పులో మాత్రం ఏమీ ఉండదు. నిమిషం ఆగి వడకట్టండి. వడపోతలో మిగిలిన పిప్పిని చెంచాతో నొక్కి పిండే అలవాటుంటే మానుకోండి. ఆ ఆఖరి నాలుగు చుక్కల్లో వచ్చేదంతా వగరే.

పొడిని నేరుగా పాలలో వేస్తే ఎందుకు సరిగ్గా రాదు? పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ టీకి వగరునిచ్చే టానిన్లు అనే పదార్థాలను పట్టేసుకుంటుంది. పాలు కలిపితే వగరు తగ్గేది అందుకే. కానీ మొదటినుంచీ పాలే ఉంటే సారం దిగడమే మందగిస్తుంది. అది చాలక పొడి మీద పొడి వేస్తూ పోవాల్సి వస్తుంది.

బెల్లం టీ విరిగిపోతోందని చాలామంది వాపోతుంటారు. బెల్లంలో కొంత పులుపు, లవణాలు ఉంటాయి. మరుగుతున్న పాలతో కలిస్తే విరగడం మామూలే. తురిమిన బెల్లాన్ని కప్పులో వేసుకుని, పొయ్యి దించిన రెండు నిమిషాలకు టీని దాని మీద వడకట్టి కలపండి. మళ్లీ వేడిచేయొద్దు.

టీ పైన సన్నటి మెరిసే తెట్టు కట్టి, కప్పు అంచుకు గోధుమరంగు గీత పడుతోందంటే తప్పు పొడిది కాదు, నీళ్లది. బోరు నీళ్లలో ఉండే కాల్షియం టీ సారంతో కలిసి ఇలా తేలుతుంది. పాలు లేని టీలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నీళ్లను ఒకసారి కాచి, తేరనిచ్చి, పైతేట వాడితే చాలావరకు తగ్గుతుంది. అలాగని ఖనిజాలు బొత్తిగా లేని ఆర్‌వో నీళ్లు కూడా గొప్పేం కావు, టీ చప్పగా వస్తుంది. కుళాయి మంచినీళ్లు దొరికితే వాటినే వాడండి.

ఇరానీ చాయ్

ఇక్కడ పై సూత్రమంతా తలకిందులైనట్టు కనిపిస్తుంది. ఇరానీ హోటల్లో డికాక్షన్ పొయ్యి మీద చాలాసేపు ఉంటుంది, అయినా చేదుగా ఉండదు. కిటుకు దమ్‌లో ఉంది. గిన్నె మూసి ఉంటుంది, అడుగున సెగ ఉంటుంది తప్ప తుకతుక మరగదు. వాసన బయటికి పోయే దారి లేదు. దిగిన వగరును కాచి చిక్కబరిచిన పాలు, పంచదార సర్దేస్తాయి. హైదరాబాద్‌లో ఈ చాయ్ ఇరాన్ నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల హోటళ్లతో పాతుకుపోయింది. ఇంట్లో చేయడం కష్టం కాదు, ఓపిక కావాలంతే.

ఆరు చిన్న కప్పులకు డికాక్షన్ కోసం 400 మి.లీ. నీళ్లు, డస్టు పొడి నిండుగా నాలుగు టీ చెంచాలు, పంచదార నాలుగు చెంచాలు. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నీళ్లు మరిగాక పొడి, పంచదార వేసి, మంట బాగా తగ్గించి, మూత చుట్టూ గోధుమపిండి ముద్దతో మెత్తండి. పిండి వద్దనుకుంటే గిన్నె మీద తడిగుడ్డ బిగించి, పైన మూతపెట్టి, గుడ్డ అంచులు మంటకు తగలకుండా పైకి మడవండి. ఇరవై నుంచి పాతిక నిమిషాలు. పెద్ద మంట పెడితే ఆవిరి పిండిని చీల్చుకుని బుసకొడుతుంది, డికాక్షన్ చేదెక్కుతుంది. తీసేటప్పుడు ముఖం దూరంగా పెట్టుకోండి, ఆవిరి ఒక్కసారిగా తన్నుతుంది.

అది దమ్ అవుతుండగానే పక్క పొయ్యి మీద అరలీటరు ఫుల్ క్రీమ్ పాలు పెట్టండి. ప్యాకెట్ మీద కొవ్వు 6 శాతం అని ఉండాలి. టోన్డ్ పాలతో ఆ నునుపు రాదు. రెండు మూడు యాలకులు వేసి, సన్న సెగ మీద కలుపుతూ 300 మి.లీ. దాకా ఇగరనివ్వండి. అరగంట పడుతుంది. పైన కట్టే మీగడను పక్కకు తీసి పారేయకండి, మళ్లీ పాలలోకే కలిపేయండి. అడుగంటితే మాత్రం గీకకుండా వేరే గిన్నెలోకి వంచేయాలి. గీకితే మాడు వాసన మొత్తం పాలకు పట్టేస్తుంది. తొందరగా కావాలంటే పాతిక గ్రాముల చక్కెర లేని కోవాను కొన్ని వేడి పాలతో చేత్తో మెదిపి ముద్దలు లేకుండా కలపండి. చల్లటి పాలలో కోవా వేస్తే తరకలు తరకలుగా తేలుతుంది.

వడకట్టిన డికాక్షన్ కప్పులో సగం పోసి, పైన వేడి పాలు పోయండి. రెండూ కలిపి మళ్లీ మరిగించారో, అది మామూలు పాల టీ అయిపోతుంది. రంగు పాలిపోయి ఉంటే మీరు వేసింది పెద్ద గుళికల పొడి అయ్యుంటుంది, ఈసారి డస్టు తెచ్చుకోండి. పక్కన ఉస్మానియా బిస్కెట్. ముంచి రెండు సెకన్లలో తీసేయాలి, లేదంటే అడుగున వెతుక్కోవాలి.

ఆకు టీలు, గ్రీన్ టీ

ఇక్కడ పొయ్యి పని నీళ్లు కాచడం వరకే. ఆకును పొయ్యి మీద పెట్టకూడదు.

డార్జిలింగ్ ఆకు 200 మి.లీ. నీళ్లకు రెండు నుంచి రెండున్నర గ్రాములు. చెంచా లెక్క ఇక్కడ మోసం చేస్తుంది, విచ్చుకున్నట్టుండే ఆకు చెంచాలో తక్కువే పడుతుంది. చిన్న కాటా ఉంటే మేలు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా కోసే మొదటి ఫ్లష్, అంటే తొలి చిగుళ్ల కోత, ఆకు లేతది. 90 డిగ్రీల నీళ్లలో రెండున్నర నుంచి మూడు నిమిషాలు. మే, జూన్‌ల రెండో ఫ్లష్‌కు కాస్త వేడి నీళ్లు, నాలుగు నిమిషాల దాకా పర్వాలేదు. దీనిలో ద్రాక్షను తలపించే మస్కటెల్ వాసన ఉంటుంది. అది వచ్చే తీరు వింతగా ఉంటుంది. జాసిడ్ అనే పచ్చటి చిన్న పురుగులు లేత ఆకు రసం పీలుస్తాయి, వాటిని ఎదుర్కోవడానికి మొక్క తయారుచేసుకునే పదార్థాలే ఆ పరిమళానికి మూలం. కొనేటప్పుడు పెట్టె మీద టీ బోర్డు వారి డార్జిలింగ్ ముద్ర, చేతిలో టీ చిగురు పట్టుకున్న స్త్రీ బొమ్మ ఉందో లేదో చూడండి. దేశంలో మొట్టమొదటి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు 2004-05లో ఈ టీకే దక్కింది.

గ్రీన్ టీ చేదని పక్కన పెట్టేసినవాళ్లు నూటికి నూరుపాళ్లు సలసల మరిగే నీళ్లే పోసి ఉంటారు. దానికి 75 నుంచి 82 డిగ్రీలు చాలు. థర్మామీటర్ అక్కర్లేదు. మన ఎండల్లో గదిలో ఉండే నీళ్లు 30 డిగ్రీల దగ్గర ఉంటాయి. పావు గ్లాసు ఆ తాగేనీళ్లు ముందు పోసి, ముప్పావు గ్లాసు మరిగే నీళ్లు కలిపితే దాదాపు 82 వస్తుంది. ఒక వంతుకు రెండు వంతులు కలిపితే 76. ఆ తర్వాతే ఆకు వేయాలి. రెండు నిమిషాలకు తీసేయాలి. బ్యాగు కప్పులోనే వదిలేసి తాగుతూ కూర్చుంటే ఎంత మంచి టీ అయినా చేదే. మంచి ఆకైతే పారేయకండి, రెండో దఫా నీళ్లు పోసి ఇంకో నిమిషం ఎక్కువ ఉంచితే ఇంకో కప్పు వస్తుంది.

అన్నట్టు, మరిగే నీళ్లన్నీ 100 డిగ్రీలు కావు. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ 98 దగ్గరే మరుగుతాయి. రెండు వేల మీటర్లు దాటిన డార్జిలింగ్ పట్టణంలో 93 దగ్గర. అక్కడివాళ్లు పొయ్యి దించి నేరుగా పోసినా డార్జిలింగ్ ఆకు పాడవదు. విజయవాడలో అలా కుదరదు, మూత తీసి రెండు నిమిషాలు ఆగాలి.

టీ పరీక్షకులకు ఐఎస్‌ఓ 3103 అనే ప్రమాణం ఉంది: 100 మి.లీ. మరిగే నీళ్లకు 2 గ్రాములు, 6 నిమిషాలు. ఇది చూసి ఇంట్లో అలా చేయబోకండి. ఆకులోని లోపాలన్నీ బయటపడాలని పెట్టిన లెక్క అది, హాయిగా తాగడానికి కాదు.

పాలు లేకుండా నిమ్మరసంతో తాగే సులేమానీ టీకి 200 మి.లీ. నీళ్లలో ఒక లవంగం, చిన్న దాల్చినచెక్క ముక్క మరిగించి, అరచెంచా పొడి వేసి నిమిషంన్నర ఉంచి వడకట్టండి. నిమ్మరసం కప్పులోనే, అరచెంచా. పొయ్యి మీద పిండితే చేదు వస్తుంది. నిమ్మ పడగానే రంగు తేలిపోతే కంగారుపడకండి, పులుపుకు టీ రంగు మారుతుంది. బిర్యానీ తర్వాత సులేమానీ బాగుంటుంది. పప్పు, ఆకుకూరల భోజనం మీద మాత్రం గంట ఆగి తాగండి. శాకాహారంలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వకుండా టానిన్లు అడ్డుకుంటాయి. ఐరన్ మాత్రలు టీతో వేసుకోకూడదు.

ఎండాకాలానికి చల్లటి టీ అయితే లీటరు మంచినీళ్లలో ఎనిమిది గ్రాముల నీలగిరి ఆకు వేసి, రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున వడకట్టండి. చల్లటి నీళ్లలో వగరు అంతగా దిగదు, పంచదార లేకపోయినా గొంతు దిగుతుంది. వేడి డికాక్షన్‌ను ఫ్రిజ్‌లో పెడితే మబ్బుగా అయిపోతుంది. పాడైపోలేదు, కొంచెం వేడినీళ్లు కలిపితే తేటపడుతుంది.

లూజు పొడి కొంటే ఒకసారి పరీక్షించండి. తెల్ల ఫిల్టర్ కాగితం మీద చిటికెడు పొడి చల్లి, నీళ్లు చిలకరించి, పొడి తీసేసి కాగితాన్ని కుళాయి కింద కడిగి, వెలుతురుకు పట్టి చూడండి. రంగు మరకలు మిగిలితే కల్తీ ఉన్నట్టు. దేశంలో ఆహార భద్రత చూసే సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పే పద్ధతే ఇది. అయస్కాంతం తిప్పితే ఇనుప రజను ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. పొడిని గాలి చొరని డబ్బాలో, ఇంగువ, మసాలా పొడులకు దూరంగా పెట్టండి. ఏ వాసననైనా ఇట్టే పీల్చేస్తుంది. ఫ్రిజ్‌లో పెడితే చెమ్మ పడుతుంది. నెలకు సరిపడా మాత్రమే కొనుక్కోండి, కిలో ప్యాకెట్ చవగ్గా వస్తుందని తెచ్చుకుంటే సగం అయ్యేసరికి వాసన పోతుంది.